భ్రమల పుస్తకం చదవాలంటే చీపురుపుల్ల పక్కన పెట్టుకోండి

కన్ను మనల్ని ఎట్లా బోల్తా కొట్టిస్తుందో చెప్పే పుస్తకం ఒకటి నాకు పాత పుస్తకాల్లో దొరికింది. సగం ధరకే వచ్చిందని సంబరపడి ఇంటికొచ్చి తెరిస్తే, నాకంటే ముందు దాన్ని చదివినాయన ప్రతి బొమ్మ కిందా ఎర్రపెన్నుతో జవాబు రాసిపెట్టాడు. 'రెండూ సమానమే.' 'గీతలు వంకర కావు.' 'రంగు ఒకటే.' విడుపు ముందే చెప్పేసిన పొడుపుకథలా పుస్తకమంతా చప్పబడిపోయింది. అప్పటి నుంచి ఇట్లాంటి పుస్తకాలు చదవడానికి నాకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. కడపలో కూర్చొని చేసిన పనులు కాబట్టి సామాను కూడా ఇక్కడ దొరికేదే.

పద్ధతి ఒక్క ముక్కలో చెప్తాను. ముందు మోసపోవాలి. తర్వాత కొలవాలి. ఆ తర్వాతే పక్కనున్న వివరణ చదవాలి. ఈ వరస తప్పితే పుస్తకం కొన్న డబ్బులు దండగ.

ముందు సామాను

పుల్లల చీపురులోంచి తిన్నగా ఉన్న పుల్ల ఒకటి లాగండి. గీత పొడవు అనుమానమొస్తే దాని మీద పుల్ల పెట్టి, గోటితో గుర్తు పట్టుకొని, రెండో గీత మీదికి జరపడమే. గీత వంకరా తిన్ననా అని తేల్చడానికి కుట్టుదారం మూరెడు. రంగు తేల్చడానికి పాత పెళ్లిపత్రిక అట్టకు పంచింగు మిషనుతో రెండు చిల్లులు. ఇంకా ఒక స్కేలు, ఒక ప్యాకెట్టు బొట్టుబిళ్ళలు, ఒక రూళ్ళ నోటుబుక్కు. జవాబులన్నీ నోటుబుక్కులోనే రాయాలి, పుస్తకం మీద కాదు. ఎందుకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఇంట్లో ఎవరికైనా మూర్ఛ జబ్బు ఉంటే మినుకుమినుకుమనే వీడియోలు, కళ్ళు జిగేలుమనిపించే నలుపు తెలుపు చారల బొమ్మలు వాళ్ళ ముందు తెరవకండి. ఇది సరదా జాగ్రత్త కాదు.

ఏ పుస్తకం తీసుకోవాలి

తెలుగులో మనకు 'కనికట్టు' అనే చక్కటి మాట ఉంది. కన్నును కట్టేయడం. అంగట్లో ఈ అంశం మీద దొరికేవాటిలో ఎక్కువ భాగం కనికట్టు పుస్తకాలే: పేజీకో బొమ్మ, కింద 'మీ కళ్ళు అబద్ధం చెప్తున్నాయి!' అని ఒక అరుపు. బస్సులో పిల్లల్ని కూర్చోబెట్టడానికి పనికొస్తాయి, అంతకుమించి ఏం లేదు. మంచి పుస్తకం మీ కన్ను అబద్ధం చెప్తోందని అనదు. ఏ అలవాటు వల్ల రోజంతా సరిగ్గా చూస్తున్నామో, అదే అలవాటు ఈ బొమ్మ దగ్గర ఎందుకు తప్పిందో చెప్తుంది. అంగట్లో నిలబడి ఏదో ఒక పేజీ తీసి ఆ ఒక్క ప్రశ్న వేసి చూడండి. జవాబు లేకపోతే మళ్ళీ అరలో పెట్టేయండి.

మొదటి పుస్తకంగా నేనైతే మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ గ్రెగరీ రాసిన 'ఐ అండ్ బ్రెయిన్' చెప్తాను. 1966లో వచ్చింది, తర్వాత చాలాసార్లు దిద్ది మళ్ళీ అచ్చేశారు. మనం చూసేదంతా మెదడు వేసే ఊహ అని, కంటికందిన అరకొర ఆధారాలతో అది పందెం కాస్తుందని ఆయన వాదం. ఈ ఆలోచనకు తాత 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్. మనకు తెలియకుండానే మెదడు లెక్క కట్టేస్తుందని ఆయన అప్పుడే అన్నాడు.

బొమ్మలు వేసేవాళ్ళయితే కళాచరిత్రకారుడు గోంబ్రిక్ రాసిన 'ఆర్ట్ అండ్ ఇల్యూజన్' (1960) పట్టుకోండి. డాక్టర్ల కథల్లా చదవాలనుకుంటే వి.ఎస్. రామచంద్రన్ 'ఫాంటమ్స్ ఇన్ ద బ్రెయిన్' (1998). మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివినాయన కదా, ఆ పుస్తకం మనింటి మనిషి చెప్తున్నట్టే ఉంటుంది. చేతిలో పైసా లేకపోతే శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1832లో నవలాకారుడు వాల్టర్ స్కాట్‌కు ఉత్తరాల రూపంలో రాసిన పుస్తకం ఉంది. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. కెలిడోస్కోపు కనిపెట్టింది ఆయనే. గుడుల్లో, రాజసభల్లో పాతకాలంవాళ్ళు అద్దాలతో, పొగతో ఎట్లా జనాన్ని బెదరగొట్టారో విప్పి చెప్తాడు.

ఇంకో పుస్తకం ఉంది, దాని పేరు మాత్రం నేను రాయను. పేరే గుట్టు విప్పేస్తుంది. 1999లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు చేసిన చిన్న వీడియో దానికి మూలం: తెల్లచొక్కాల వాళ్ళు, నల్లచొక్కాల వాళ్ళు బాస్కెట్‌బాల్ విసురుకుంటుంటారు, తెల్లచొక్కాలవాళ్ళ విసుర్లు ఎన్నో లెక్కపెట్టాలి. తెలిసినవాళ్ళ చేత ఆ వీడియో పెట్టించుకొని ముందు లెక్కపెట్టండి. తర్వాత పుస్తకం అడగండి.

ఒక హెచ్చరిక. దొంగ ప్రింట్లు కొనొద్దు. వెలుగు నీడల బొమ్మలు జిరాక్సులో చచ్చిపోతాయి. ఎడ్వర్డ్ ఆడెల్సన్ 1995లో వేసిన చదరంగం పలక బొమ్మ నాకు మొదట అట్లాంటి కాపీలోనే తగిలింది. నీడలోని తెల్లగడి, వెలుగులోని నల్లగడి నిజానికి ఒకే బూడిదరంగు అన్నది అందులో కిటుకు. నా కాపీలో రెండూ బొగ్గులా ఉన్నాయి. ఫోనులో చూసేటప్పుడు కూడా రాత్రిపూట కళ్ళకు హాయిగా ఉండటానికి వాడే పసుపు తెర తీసేయండి.

మొదటి మెట్టు: బొట్టుబిళ్ళలు

పుస్తకం తెరవకముందే ఇది చేయండి. తెల్లకాగితం మీద 8 సెంటీమీటర్ల ఎడంతో, అడ్డంగా ఒకే వరసలో రెండు బొట్టుబిళ్ళలు అతికించండి. ఎడమకన్ను మూసుకొని, కుడికన్నుతో ఎడమవైపు బిళ్ళనే చూస్తూ, కాగితాన్ని చేయిచాపు దూరం నుంచి మెల్లగా దగ్గరికి తీసుకురండి. దాదాపు 30 సెంటీమీటర్ల దగ్గర కుడివైపు బిళ్ళ మాయమవుతుంది. ఇంకా దగ్గరికి తెస్తే మళ్ళీ వస్తుంది. చూపు అటు జారితే మాత్రం ఆట చెడుతుంది.

కంటి వెనక నరం బయటికి వెళ్ళే చోట వెలుతురును పట్టే కణాలు లేవు. ఫ్రాన్సులో మారియట్ 1660ల్లోనే ఈ గుడ్డిమచ్చను పట్టుకున్నాడు. ఇంతవరకు ఏ పాఠ్యపుస్తకమైనా చెప్తుంది. అసలు సంగతి తర్వాత మొదలవుతుంది. పెన్నుతో రెండు బిళ్ళల మధ్యగా, వాటిని దాటి పోయేటట్టు ఒక పొడుగాటి గీత గీయండి. మళ్ళీ చేయండి. బిళ్ళ పోతుంది, గీత మాత్రం తెగదు. లేని చోట గీత ఎవరు గీశారు? మీ పుస్తకం ఈ ప్రశ్న వేస్తోందో లేదో చూసుకోండి.

రెండో మెట్టు: గీతను కొలవడం

ముల్లర్-లయర్ బొమ్మ (1889) లేని పుస్తకం ఉండదు. రెండు వైపులా బాణం మొనలున్న గీత పొట్టిగా, రెండు వైపులా పంగలకర్రలా విచ్చుకున్న గీత పొడుగ్గా కనిపిస్తాయి. పుస్తకంలో చూసి 'అవును, నిజమే' అనుకొని పేజీ తిప్పేస్తే మీకు దక్కేది ఏమీ లేదు. ఎంత మోసపోయారో మిల్లీమీటర్లలో తెలియాలి.

పెళ్లిపత్రిక అట్టతో అగ్గిపెట్టె తొడుగులాంటిది చేసి, దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. రెండు కొసలకూ బాణం మొనలు పెట్టండి. కుడి మొన తొడుగు అంచు దగ్గరే ఉండాలి. లోపల జరిగే పట్టీ మీద అదే గీతకు కొనసాగింపు గీసి, దాని చివర కుడివైపుకు విచ్చుకున్న పంగ పెట్టండి. ఇప్పుడు పట్టీని లాగుతూ, తోస్తూ, రెండు ముక్కలూ సమానంగా కనిపించిన చోట ఆపండి. స్కేలుతో కొలిచి రాసుకోండి. ఐదుసార్లు బాగా పొడుగ్గా లాగి తగ్గిస్తూ, ఐదుసార్లు పొట్టి నుంచి పెంచుతూ చేయండి, సగటు కట్టండి. సగటు 8.5 దగ్గర తేలిందనుకోండి, 10కి 1.5 తేడా, అంటే మీరు 15 శాతం మోసపోయారు. మనసును స్కేలుతో కొలవొచ్చని 1860లో ఫెక్నర్ రాసిన లావుపాటి పుస్తకంలోని పద్ధతుల్లో ఇదీ ఒకటి. మీరు ఇప్పుడు వంటింటి బల్ల మీద చేసేశారు.

రెండూ సమానమని తెలిశాక మళ్ళీ పదిసార్లు చేయండి. అంకె కొంచెం తగ్గొచ్చు, సున్నా మాత్రం కాదు. తెలియడం వేరు, కనిపించడం వేరు. ఈ సంగతి చేతితో చేస్తే దిగినంత లోతుగా చదివితే దిగదు.

మూడో మెట్టు: నల్లబండ, తెల్లకాగితం

దీనికి ఒక ఆదివారం మధ్యాహ్నం కేటాయించండి. నా లెక్కలో ఈ పుస్తకాలన్నిటికీ గుండెకాయ ఇదే. మన కడప బండ ఒకటి కావాలి. నల్లటిది, మెరుపు పాలిష్ పట్టనిది. దాన్ని పన్నెండు గంటల ఎండలో వాకిట్లో పెట్టండి. గదిలో లైటు వేయకుండా, కిటికీకి దూరంగా బల్ల మీద తెల్లకాగితం పెట్టండి. గడప దగ్గర నిలబడితే రెండూ కనిపించాలి. బండ నల్లగా, కాగితం తెల్లగా కనిపిస్తాయి. ఇందులో వింతేముంది అంటారు.

లెక్క చూడండి. వెలుతురును కొలిచే కొలత లక్సు. మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు 1,00,000 లక్సులు. లైటు వేయని గదిలో 300 అనుకుందాం. బండ తన మీద పడ్డ వెలుతురులో నూటికి 6 పాళ్ళే వెనక్కి పంపుతుందనుకుంటే 6,000. కాగితం 80 పాళ్ళు పంపినా 240. అంటే నల్లబండ నుంచి మీ కంటికి చేరే వెలుతురు తెల్లకాగితం నుంచి వచ్చేదానికి 25 రెట్లు. అయినా మీకు బండ నల్లనే, కాగితం తెల్లనే.

నమ్మకం కుదరకపోతే ఫోను తీయండి. కెమెరాలో ప్రో మోడ్ (అంకెలు మనమే పెట్టుకునేది) పెట్టి ఐఎస్ఓ 100, షట్టరు సెకనులో 2,000వ వంతు దగ్గర బిగించి, రెండిటికీ విడివిడిగా ఫోటో తీయండి. మధ్యలో ఏ అంకే మార్చొద్దు. బండ మీద సూర్యుడి తళుకు పడని వైపు నుంచి తీయండి. నేనిది చేస్తుంటే చిన్నాయన చూశాడు.

"ఏందిరా, ఎండలో కూర్చోని బండకు ఫోటో తీస్తాండావు?"

"తెల్లకాగితం కంటే ఈ బండే తెల్లగుంది చిన్నాయనా."

"ఎండదెబ్బ తగిలింటాది. లోపలికి రా, మజ్జిగ తాగుదువు."

ఫోటోలు రెండూ చూపించాను. బండ పాలిపోయిన బూడిదరంగులో, కాగితం దాదాపు కాటుకలా ఉన్నాయి. ఆయన ఒక్కసారి ఫోను వైపు, ఒక్కసారి వాకిలి వైపు చూసి, "ఫోను చెడిపోయింది" అని తేల్చేశాడు.

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. వెలుతురు ఎంతొచ్చిందో ఫోను నిజాయితీగా చెప్పింది. వస్తువు ఏ రంగుదో కన్ను చెప్పింది. మనకు బతకడానికి కావలసింది రెండోది. ఎండలోకి రాగానే బొగ్గు తెల్లబడి, నీడలోకి పోగానే పాలు నల్లబడితే సంసారం చేయలేం. కన్ను మొత్తం వెలుతురును కొలవదు, పక్కనున్న వాటితో పోల్చి చూస్తుంది, వెలుగెక్కడ నీడెక్కడ అని లెక్క తీసేస్తుంది. ఇప్పుడు చిల్లుల అట్ట పట్టుకోండి. ఒక చిల్లులోంచి బండ మాత్రమే, ఇంకో చిల్లులోంచి కాగితం మాత్రమే కనిపించేటట్టు ఒకటే కంటితో చూడండి. చుట్టుపక్కల ఆధారం పోగానే బండ పక్క చిల్లు వెలిగిపోతుంది.

ఇది చేశాకే ఆడెల్సన్ చదరంగం పేజీ తెరవండి. అక్కడ నీడలోని గడిని తెల్లగా చూపించింది, వాకిట్లోని బండను నల్లగానే ఉంచింది ఒకే పని. బండ దగ్గర మెచ్చుకొని, బొమ్మ దగ్గర కన్నును తిట్టడం ఏం మర్యాద?

(బండ సాయంత్రం దాకా చురుక్కుమంటూనే ఉంటుంది. పిల్లలుంటే చెప్పులు వేయించండి.)

నాలుగో మెట్టు: పుస్తకంలో బొమ్మలు కానివి

పుస్తకమంతా బొమ్మలే ఉంటే అది సగం పుస్తకమే. చేతికి, చెవికి కూడా భ్రమలున్నాయి.

పెద్ద డబ్బా ఒకటి, చిన్న డబ్బా ఒకటి తీసుకొని బియ్యం పోస్తూ, ఇసుక నింపుతూ రెండూ త్రాసులో సరిగ్గా ఒకే బరువు తూగేటట్టు చేయండి. అరకిలో చాలు. ఎవరినైనా పిలిచి రెండూ ఎత్తమనండి. చిన్నదే బరువు అంటారు. త్రాసులో చూపించి మళ్ళీ ఎత్తమనండి, మళ్ళీ అదే మాట. ఫ్రాన్సులో షార్పాంటియే దీన్ని 1891లో రాసిపెట్టాడు. ఇంకా తమాషా ఏమంటే, నాలుగైదుసార్లు ఎత్తేసరికి వేళ్ళు సరైన బలం నేర్చేసుకుంటాయి, రెండు డబ్బాలనూ ఒకే పట్టుతో ఎత్తుతాయి. మనసు మాత్రం చిన్నదే బరువంటూ ఉంటుంది. 2000లో ప్రయోగం చేసి చూపించారు. గ్రెగరీ చెప్పే 'మెదడు వేసే ఊహ' సిద్ధాంతానికి ఈ డబ్బాలు కొరకరాని కొయ్య. పెద్దది బరువుంటుందని ఊహిస్తే పెద్దదే బరువనిపించాలి కదా, తిరగబడిందేం? దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేసే పుస్తకాన్ని అనుమానించండి.

చెవి సంగతి: ఒక మనిషి నోరు 'గ గ' అంటున్న వీడియోకు 'బ బ' అనే శబ్దం జత చేస్తే చాలామందికి 'ద ద' అని వినిపిస్తుంది. కళ్ళు మూసుకుంటే 'బ', తెరిస్తే 'ద'. మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ 1976లో బయటపెట్టారు. ఇంగ్లీషు వీడియోలు బోలెడున్నాయి. ఇద్దరు మనుషులు, రెండు ఫోనులు ఉంటే మనమే తెలుగులో చేసుకోవచ్చు.

చందమామ సంగతి త్వరగా చెప్పేస్తాను. కొండల మీదుగా పైకొచ్చే పున్నమి చంద్రుణ్ణి చేయి చాపి పంచింగు చిల్లులోంచి చూసి రాసుకోండి, నడినెత్తికొచ్చాక మళ్ళీ చూడండి. రెండుసార్లూ చిల్లులో అంతే పడతాడు. మామూలుగా చూస్తే ఎందుకు పెద్దగా కనిపించాడన్న దాని మీద పండితులు ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు.

ఐదో మెట్టు: పుస్తకం పట్టుకొని ఊరు తిరగడం

గోంబ్రిక్ చదివేవాళ్ళకు ఇది తప్పనిసరి. ఆయన ఉదాహరణలన్నీ యూరపు చిత్రాలు. మనకు వాటి నకళ్ళే దిక్కు. కానీ ఆయన అడిగే ప్రశ్న, చూసేవాడు తనవంతుగా బొమ్మలో ఎంత నింపుతాడన్నది, ఇక్కడే అడగొచ్చు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు ఆ ఊరాయనే. అక్కడ ఆట గానీ, బొమ్మను తెర వెనక పట్టి చూపించడం గానీ చూసే వీలుంటే, బొమ్మను తెరకు అదిమి పట్టినప్పుడు, వెనక్కి దీపం వైపు జరిపినప్పుడు ఏమవుతుందో గమనించండి. అదిమితే అంచులు పదును, రంగులు నిండు. జరిపితే బొమ్మ పెరుగుతుంది, మసకబారుతుంది. మనకు మాత్రం 'బొమ్మ మసకబారింది' అనిపించదు, 'రాక్షసుడు మీదికొస్తున్నాడు' అనిపిస్తుంది. ఆ తేడా నోటుబుక్కులో రాయండి. తోలుబొమ్మలాడించే కుటుంబాల్లోంచే మన జిల్లాలోని సురభి ఊళ్ళో 1885లో 'కీచకవధ' ఆడి సురభి నాటకం పుట్టింది. తెర వెనక నీడలతో మొదలైనవాళ్ళు తర్వాత తాళ్ళతో మనుషుల్ని ఆకాశంలో ఎగరేసే మాయల దాకా వెళ్ళారు.

లేపాక్షికి వెళ్తే పైకప్పు చిత్రాల్లో ఒక దేవుడి చూపు మీరెటు జరిగినా మీ వెంటే వస్తుందని గైడు చెప్తాడు. చెప్పనివ్వండి. తర్వాత పక్కనున్న రాతిశిల్పం చుట్టూ తిరగండి, దాని చూపు మీ వెంట రాదు. శిల్పంలో మీరు జరిగేకొద్దీ కనుపాప, ముక్కు, చెంప ఒకదాన్నొకటి కప్పేస్తూ మారతాయి. చదును బొమ్మలో ఏదీ మారదు. అందుకే ఒకసారి మీ వైపు చూసిన బొమ్మ ఎప్పటికీ మీ వైపే చూస్తుంది. గోడమీది సినిమా పోస్టరుదీ ఇదే మహిమ.

ఆరో మెట్టు: రెండో పుస్తకంతో తగువు పెట్టించడం

ఒకే రచయితను చదివితే ఆయన చెప్పిందే వేదమవుతుంది. గ్రెగరీ అయ్యాక ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గిబ్సన్ 1979 నాటి పుస్తకం తెరవండి. చదవడం కష్టం, ముందే చెప్తున్నా. ఊహలూ లేవు, లెక్కలూ లేవు, నడుస్తూ తిరుగుతూ చూసే మనిషికి వెలుతురులోనే కావలసినంత సమాచారం ఉంది, తల బిగించి ఒంటికంటితో చూపించే బొమ్మలే ఈ గొడవంతా తెచ్చాయి అంటాడాయన. ముల్లర్-లయర్ బొమ్మను ముందు పెట్టుకొని ఇద్దరి వాదనలూ నోటుబుక్కులో చెరోవైపు రాయండి.

ఈ తగవులోకి మన దక్షిణాది కూడా వచ్చింది. రివర్స్ అనే ఆయన నీలగిరుల్లో తోడా గిరిజనులకు ఈ బొమ్మ చూపించి 1905లో రాశాడు, ఇంగ్లీషువాళ్ళంత మోసపోలేదని. మూలలు తేలిన గదుల్లో, మూలమట్టపు వీధుల్లో పెరిగినవాళ్ళే ఎక్కువ మోసపోతారని 1966లో సెగాల్, ఆయన తోటివాళ్ళు వాదించారు. అంటే భ్రమ అలవాటువల్ల వస్తుందన్నమాట. బాగుంది అనుకునేలోపు 2015లో పవన్ సిన్హా బృందం అడ్డం తిరిగింది. పుట్టుకతో శుక్లాలుండి, ఆపరేషనుతో కొత్తగా చూపొచ్చిన భారతీయ పిల్లలు, ఏ అలవాటూ పడకముందే ఈ బొమ్మకు మోసపోయారు. మీ ఇంట్లో ఆరేళ్ళ పిల్ల, అరవై ఏళ్ళ అవ్వ ఉంటే ఇద్దరి చేతా పట్టీ లాగించి అంకెలు పక్కపక్కన రాయండి. ఇద్దరు మనుషుల అంకెలతో సిద్ధాంతం చేయకండి, అంతే.

చివరగా, పుస్తకం అప్పిచ్చేటప్పుడు

ఎవరో ఒకరు అడుగుతారు, ఇవ్వక తప్పదు. ఇచ్చేముందు ఒక పూట కూర్చొని పేజీలన్నీ తిప్పండి. పుల్ల పెట్టి కొలిచినప్పుడు తొందరలో పెన్సిలుతో పెట్టిన గుర్తులు, టిక్కులు ఉంటే రబ్బరుతో తుడిచేయండి. నోటుబుక్కు మీ దగ్గరే ఉంచుకోండి. నా ఎర్రపెన్ను పుస్తకానికి రబ్బరు పనిచేయలేదు. జవాబులున్న ప్రతి చోటా పాత క్యాలెండరు కాగితం ముక్కలు అతికించి ఇస్తున్నాను.